చెక్క పాదాలు

నాన్న దుకాణం తాళం నాకొచ్చింది,
దాంతోపాటు నూట పధ్నాలుగు పాదాలు.
చెక్కవి. నాన్న చెక్కినవి.
ఒక్కో మడమ మీద పెన్సిల్‌తో ఒక పేరు,
కుడో ఎడమో,
కొన్నిటి మీద బాకీ.

షేలాలో ఇప్పుడెవరూ బూట్లు కుట్టించుకోరు.
సంతలో మూట విప్పితే చాలు,
ఏ దేశం వాళ్ళో తొడిగి విడిచినవి
జత ముప్పై కెట్సాళ్ళు.
పొయ్యిలోకి పనికొస్తాయి కదా అంది వదిన.
నిజమే, మంచి చెక్క, బాగా మండుతుంది.

కాండెలారియా పండగ మర్నాడు
బాలయేసునీ గొర్రెల్నీ అట్టపెట్టెల్లో సర్దేసి
మిగతాదంతా వీధిలోకి ఊడుస్తారు:
ఎండిన నాచు, రంగేసిన రంపపుపొట్టు,
వాటిమీద తలకిందులుగా చిన్న పుంజులు.
అంటే మొక్కలే.
ఎర్రటి పూమొగ్గ జుట్టులా నిక్కి ఉంటుందని
మా ఊళ్ళో వాటికా పేరు.
కొండమీద ఓక్ కొమ్మల్ని పట్టుకుని
మంచు తాగి బతుకుతాయి.
చెట్టు రసం చుక్క ముట్టవు,
అద్దింట్లో మేకు కొట్టడానికి కూడా
అడిగి కొట్టే మనుషుల్లా.

వీధులూడ్చే తోమసా
గోనెసంచి తెచ్చి గుమ్మంలో దించింది.
"ఇంకా ఊపిరుంది వీటికి.
చీపురు కింద తెలిసిపోతుంది."

మొదటిదాన్ని రాగితీగతో కట్టాను,
నాన్న సొరుగులో చుట్ట కనిపించిందని.
మూడు వారాలకి మొదలు నల్లబడింది.
ముట్టుకుంటే ఆకులు ఉల్లిపొరల్లా ఊడొచ్చాయి.
రాగి వాటికి విషమని
చంపాకే తెలిసింది నాకు.

తర్వాత చిరిగిన నైలాను మేజోళ్ళు.
సన్నగా కోసి, పాదం చుట్టూ రెండు చుట్లు.
ముడి వదులు కాకూడదు, బిగువూ కాకూడదు.
లేసు కట్టి "ఓసారి నడిచి చూడండి" అనేవాడే నాన్న,
అంత.

ఆదివారం పొద్దున్న స్నానం.
వాననీళ్ళ తొట్టి.
చెక్క తేలాలంటుంది, మొక్క మునగాలి,
అందుకని బోర్లా వదుల్తాను.
ఇరవై నిమిషాలు
తొట్టి నిండా అరికాళ్ళు ఆకాశం వైపు.
చూసిన వాళ్ళు శిలువ గీసుకుంటారు.
తీసేసరికి బూడిదరంగు పోయి
లోపలి పచ్చదనం బయటపడుతుంది.
అప్పుడు గట్టిగా దులపాలి,
చీకటిపడేలోగా ఆరాలి.
నడిమధ్యలో నీళ్ళు నిలిచాయో
దాహంతో చావనిది స్నానంతో చస్తుంది.

బతుకులో ఒక్కసారే పూస్తాయి.
పూశాక ఏ తొందరా లేకుండా
రెండేళ్ళో మూడేళ్ళో తీసుకుని ఎండుతాయి,
మొదట్లో పిల్లల్ని పెట్టి.
ఎండిన తల్లిని ఎప్పుడు తుంచాలో
తోమసా చెప్పింది.
నేనింకా తుంచలేదు.

మరుసటేడు జూలైలో, జోరువానలో
బస్సు నడిపే డాన్ ఎవరిస్తో వచ్చాడు,
తన అచ్చులు తనకిమ్మని.
టోటోనికపాన్‌లో కుట్టేవాడొకడు మిగిలాడట.
ఎడమది ఇచ్చాను.
కుడిది కిటికీకి వేలాడుతోంది.

బొటనవేలి పక్క బొడిపె కోసం
నాన్న తోలుముక్క కొట్టి ఎత్తు చేసిన పాదం.
సరిగ్గా ఆ ఎత్తుమీదే దిగాయి వేళ్ళు.
ఏ వేళ్ళని నన్నడక్కండి,
మొక్కవే, నాలుగు, గుర్రపు వెంట్రుకల్లాంటివి.
తాగడానికి కాదు,
ఊరికే పట్టుకోడానికి.

టోపీ తీసి చాలాసేపు చూశాడు.
ముప్పై ఏళ్ళు ఆక్సిలరేటరు తొక్కిన పాదం.
ముడి మీద వేలు పెట్టి,
"ఇక్కడే. ఎప్పుడూ ఇక్కడే నొక్కేది.
మీ నాన్నతో చెప్తూనే ఉండేవాణ్ణి."

వినేవాడు కాదన్నాను.
కత్తెర తెచ్చి ముడి కోసేశాను.
మేజోడు పీలిక జారి నేలమీద పడింది.
పుంజు పడలేదు.

ఎడమ పాదాన్ని తిరిగి బల్లమీద పెట్టి
బస్సుకి టైమైందంటూ
వానలోకి వెళ్ళిపోయాడు.